అడిగి చెప్తా

"మీరాకు తెలిస్తే నీ గతేందే? రేపు ఏదన్నా అయితే ఎవరి గుమ్మం ఎక్కుతావే?"

మౌలాబీ ఈ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. కూతురు సైదాబీ గోడకు ఆనించి ఉన్న దూది ఏకే విల్లు వైపు చూసింది, అంతే. చెయ్యి కూడా చాపలేదు.

భయపడటానికి మౌలాబీకి ఏదన్నా జరగాల్సిన పని లేదు. పాలు పొంగకముందే పొయ్యి దగ్గరికి పరిగెత్తే మనిషి. మాచర్ల బస్సు కాస్త ఆలస్యమైతే ఎక్కడో బోల్తా పడి ఉంటుందని ముందే కళ్లు తుడుచుకునేది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆ గుణం ఇంకా ముదిరింది. అందుకే కూతుర్ని దూరం ఇవ్వలేదు. అన్న కొడుకు నాగుల్‌మీరాకే ఇచ్చింది. అన్నావదినలు పోయాక ఆ పిల్లాడు ఆమె ఇంట్లోనే తిని పెరిగాడు. ఆమె మొగుడి దగ్గరే దూది ఏకడం నేర్చుకున్నాడు. పెళ్లయ్యాక మాచర్ల రైలు స్టేషన్ వెనక వీధిలోనే ఇల్లు తీసుకున్నాడు. తల్లి ఇల్లు ఆ పక్క సందులోనే.

మీరా మంచివాడే. అందరూ అదే అనేవారు. భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి, పాత పరుపులు విప్పి, దూది ఏకి మళ్లీ కుట్టి, సాయంత్రానికి జిలేబీ పొట్లంతో ఇంటికి వచ్చేవాడు. "పిచ్చిమొహమా, తిను" అని పెళ్లాం నోట్లో పెట్టేవాడు. చీర ఆయనే తెచ్చేవాడు. గాజులు ఆయనే తొడిగించేవాడు. నూనె ఏ కొట్లో దొరుకుతుందో సైదాబీకి తెలియదు. బస్సు ఒంటరిగా ఎప్పుడూ ఎక్కలేదు. పక్కింటి ఆదెమ్మ "కాసిని గోంగూర కోసుకొచ్చా, కావాలా అమ్మాయ్" అని అడిగితే, "ఆయన్ని అడిగి చెప్తా పిన్నీ" అనేది. ఆదెమ్మ పడీపడీ నవ్వేది.

"గోంగూరక్కూడా మొగుణ్ణి అడగాలంట వదినా. నీ అల్లుడు పిల్లని పువ్వుల్లో పెట్టుకున్నాడు పో."

ఆ మాట విన్నప్పుడల్లా మౌలాబీకి కడుపు నిండినట్టుండేది. అట్లా ఉండమని కూతురికి నేర్పింది తనే. పెళ్లై నాలుగేళ్లైనా కడుపు పండలేదు కదా, ఆ లోటును అణకువతో పూడ్చుకోవాలని రోజూ చెవిలో పోసేది. కూతురు మారు చెప్పకుండా తల ఊపేది.

మండలాలు కొత్తగా పెట్టిన ఆ ఏడాది ఎండాకాలం మొదట్లో మీరాకు ఆయాసం పట్టుకుంది. ఏళ్ల తరబడి పీల్చిన దూది నలుసులు రొమ్ములో చేరాయని నరసరావుపేట డాక్టరు చెప్పాడు. కొన్నాళ్లు దూది ఛాయలకే పోవద్దన్నాడు. కృష్ణ ఒడ్డున గాలి బాగుంటుందని మీరా అచ్చంపేటలో ఉన్న అక్క ఇంటికి వెళ్లాడు. అప్పటికే ఒక మాట ఇచ్చి ఉన్నాడు. మిరపకాయల వ్యాపారి పుల్లారావు కూతురి పెళ్లికి పరుపులు, దిండ్లు కుట్టి ఇవ్వాలి. బూరుగు దూది, పరుపు గుడ్డ పుల్లారావు షెడ్డులో దిగాయి.

"నేను లేకపోతే ఏంది, రసూల్‌కు చెప్పాగా, వాడు చేస్తాడు" అన్నాడు మీరా బస్సెక్కుతూ. రసూల్ వాళ్ల దగ్గరి బంధువే. తీరా అడగబోతే, విల్లు అమ్మేసి లారీ మీద క్లీనరుగా పోయాడని తెలిసింది.

ఆ కబురు తెచ్చుకుని వచ్చి, సైదాబీ విల్లు వైపు చూసింది.

"ఆయన మాట పోద్దమ్మా."

"పోతే పోనీయ్. మాటేగా పోయేది, మనిషి కాదుగా."

"నాకు ఏకడం వచ్చు గందా. అయ్య పక్కన కూర్చుని ఎంత చూళ్ళా."

"చూట్టం వేరు. మనిళ్లల్లో ఆడది కుట్టుకి కూర్చుంటది కానీ విల్లు ముట్టదు. నీకు తెలవందా? విల్లుకు కట్టిన నరం మీద ఆడదాని చెయ్యి పడితే మగాడికి చేటు."

ఆ ఇళ్లల్లో విల్లంటే అంత భక్తి. శుక్రవారం శుక్రవారం దానికి సాంబ్రాణి పొగ వేస్తారు. ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా ఆడవాళ్లు దాని చుట్టూ ఊడుస్తారు కానీ జరపరు.

"ఆయనకు చేటు చేసింది దూదమ్మా. నేను కాదు" అంది సైదాబీ.

కూతురు ఎదురు చెప్పడం మౌలాబీ వినడం అదే మొదలు. సైదాబీ విల్లు తీసి భుజాన పెట్టుకుంది. అది ఆమెకన్నా పొడుగు.

పుల్లారావు షెడ్డు స్టేషనుకు అవతల ఉంది. మిరపకాయల బస్తాలన్నీ అమ్ముడుపోయి షెడ్డు ఖాళీగా ఉన్నా, ఘాటు మాత్రం గోడలను వదల్లేదు. తల్లీకూతుళ్లు తుమ్ముకుంటూనే దూది పరిచారు. సైదాబీ విల్లు కడ్డీని పై దూలానికి వేలాడదీసి, కొయ్యగుండుతో నరాన్ని కొట్టింది. మొదట దూది కదల్లేదు. ఇంకోసారి గట్టిగా కొట్టేసరికి నరం ఫట్‌మని తెగి చెంపకు తగిలింది.

"అయిపోయింది. అచ్చంపేటలో నా బిడ్డకేమన్నా అయ్యుంటది" అని మౌలాబీ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

సైదాబీ చెంప రుద్దుకుంటూ నరం కొసలు వెతికి తీసింది. తండ్రి ముడి వేసేటప్పుడు నోటితో ఒక కొస పట్టుకునేవాడు. తనూ అలాగే పట్టుకుని, ముడి వేసి, బిగించి, మళ్లీ కొట్టింది. ఈసారి మోత వచ్చింది. దూది చిన్న చిన్న మేఘాల్లా లేచి ఆమె జుట్టు మీద, కనుబొమల మీద వాలింది. ముక్కుకు కొంగు కట్టుకుని ఆమె కొడుతూనే ఉంది. సాయంత్రానికి అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ బొబ్బలు చూసి మౌలాబీ ఏడుస్తుంటే సైదాబీ నవ్వింది.

"ఏందే నవ్వుతున్నావ్?"

"ఏమో. నవ్వొచ్చింది."

పుల్లారావు భార్య మధ్యాహ్నాలు మజ్జిగ పంపేది. ఒకరోజు ఆమే వచ్చి, "ఏమ్మా, ఈ పూట మా ఇంట్లో భోంచేస్తావా" అని అడిగింది. మౌలాబీ అలవాటుకొద్దీ, అడిగి చెప్తా అనే కూతురి జవాబు తనే మనసులో అనేసుకుంది. కూతురు మాత్రం "చేస్తానండీ, ఆకలిగా ఉంది" అంది. ఆ చిన్న మాటకు మౌలాబీకి ఇంట్లో ఏదో సామాను చోటు మారినట్టు అనిపించింది.

పరుపుల కుట్టులో సైదాబీ తన సొంత తెలివి ఒకటి వాడింది. దబ్బనంతో టాకా కుట్టు వేసే ప్రతి చోటా ఎర్ర గుడ్డ పేలిక ఒకటి పెట్టి ముడి వేసింది. అట్లా అయితే లాగినా గుడ్డ చిరగదు, చూపుకీ బాగుంటుంది. అది చేయమని ఎవరూ చెప్పలేదు.

"ఆయనొచ్చాక పరుపులు చూపించి నేనే చెప్తానమ్మా. రసూల్ చేశాడనే అనుకోనీ అప్పటిదాకా. నువ్వు మాత్రం నోరు మెదపమాక" అంది. మౌలాబీ కూతురి తల మీద చెయ్యి పెట్టి ఒప్పుకుంది.

ఒప్పుకున్న నాటి నుంచీ ఆమెకు అన్నం సహించలేదు. విల్లు మోత దాచితే దాగేది కాదు. గాలి ఇటు తిరిగితే స్టేషను దాటి వీధిలోకి వచ్చేది. కుళాయి దగ్గర ఆదెమ్మ బిందె కింద పెట్టి, "ఏంది వదినా, మీరా వచ్చాడా? మోత ఇనపడతంది" అని అడిగింది. ఆదెమ్మ తమ్ముడు సత్తెనపల్లి బస్సు మీద కండక్టరు. వాడి నోటి నుంచి అచ్చంపేటకు ఈ కబురు చేరడం ఎంతసేపు? పెళ్లాం తన విల్లు ముట్టిందని మీరా నలుగురి నోటా వింటే, ఆ నలుగురి ముందు తలెత్తుకోలేక ఆ కోపమంతా పిల్ల మీద చూపిస్తే? వదిలేసి ఇంకో దాన్ని తెచ్చుకుంటే? వాళ్ల నోటా వీళ్ల నోటా వినే బదులు తన నోట వింటే నయం. వాడికి అన్నం కలిపి పెట్టిన చెయ్యి తనది. మెత్తగా చెబితే మెత్తగానే తీసుకుంటాడు. అట్లా అనుకుని, కూతురితో చెప్పకుండా, మౌలాబీ రెండు బస్సులు మారి అచ్చంపేట వెళ్లింది.

మీరా పంచలో కూర్చుని అన్నం తింటున్నాడు. మొహం తేరుకుంది. మేనత్తను చూసి సంతోషించాడు.

"ఏందత్తా, ఇంత ఎండలో? అది బాగుందా?"

మౌలాబీ ముందు ఎండ గురించి మాట్లాడింది. తర్వాత ఆయాసం గురించి. తర్వాత, ఎవరో తరుముతున్నట్టుగా, మొత్తం చెప్పేసింది. "నీ మాట పోగూడదనే చేసిందిరా. నువ్వేం అనమాక దాన్ని" అంది చివర్న.

మీరా కంచంలో సగం అన్నం ఉండగానే చెయ్యి కడుక్కున్నాడు. చొక్కా వేసుకున్నాడు. ఆ చెయ్యి కడుక్కోవడం చూసినప్పుడే మౌలాబీకి తెలిసిపోయింది తను చేసిందేమిటో. తెలిసి చేసేదేముంది, అతని వెనకాలే బస్సెక్కింది. దారి పొడుగునా అతను కిటికీలోంచి బయటికే చూశాడు.

వాళ్లు మాచర్లలో దిగేసరికి సైదాబీ ఆఖరి దిండు ఇచ్చేసి వచ్చి, స్నానం చేసి, తల ఆరబెట్టుకుంటోంది. మొగుణ్ణి గుమ్మంలో చూసి ఆమె మొహం వెలిగింది. "ఎప్పుడొచ్చావ్? ముందు నీకొకటి చూపించాలి" అని లేచింది.

"ఇంకా ఏం చూపిస్తావ్" అన్నాడు మీరా. "ఊరంతా చూసిందిగా. పెళ్లాం విల్లు పట్టుకుని బజార్న పోతంటే ఈడు అక్క కొంపలో తిని పడుకున్నాడని నవ్వుకుంటున్నారుగా. నా చావు కోరే ముట్టావా దాన్ని? నరం తెగిందంటగా. నేను పోతే ఈ బతుకు బతకొచ్చని అప్పుడే నేర్చుకుంటున్నావా?"

"రసూల్ రాలా. నీ మాట..."

"నా మాట నా ఇష్టం. అడిగావా నన్ను? చెప్పు, అడిగావా? ఇవాళ్టి నుంచి ఆ గుమ్మం దాటావంటే కాళ్లిరగ్గొడతా. నా పక్కన నీకు మంచం కూడా లేదు. వంట చేసి పెట్టు, పడుండు."

చెంప మీద ఇంకా మానని ఎర్ర గీతను అతను చూడలేదు. ఆ చేతులు ఎందుకట్లా గట్టిపడ్డాయో అడగలేదు. మౌలాబీ గోడకు అంటుకుపోయి ఉంది.

అప్పుడే బయట పుల్లారావు గొంతు వినిపించింది. "మీరా వచ్చాడంట, ఉన్నాడా?" అంటూ లోపలికి తొంగి చూశాడు. "ఒరేయ్, పరుపులు చూసి మా వియ్యంకుడు ఎవరు కుట్టారని నన్నొదల్లేదురా. గురజాలలో వాళ్లింటికీ కావాలంట. ఆ ఎర్ర పేలికలు పెట్టాలన్న ఊహ ఎట్టా వచ్చిందిరా మీకు?"

మీరా మొహంలో రంగు మారింది. గుమ్మంలోకి వచ్చి పై గుడ్డ సర్దుకున్నాడు. "మన చెయ్యేగా అయ్యా. ఇంట్లో నేర్పినాను. చెప్పండి, గురజాల నేనొస్తా" అని నవ్వాడు.

పుల్లారావు వెళ్లిపోయాడు. మీరా కాసేపు గుమ్మంలోనే నిలబడి వెనక్కి తిరిగాడు. ఇప్పుడతని గొంతు పాత గొంతే.

"సర్లే. అయిందేదో అయింది. ఎవరూ తప్పుగా అనుకోలేదుగా. పిచ్చిమొహమా, భయపడ్డావా? ఏడవమాక. జిలేబీ తెస్తా, ఉండు. ఇంక అవన్నీ నేను చూసుకుంటా."

సైదాబీ ఏడవడం లేదు. కొత్త మనిషిని చూసినట్టు మొగుణ్ణి చూస్తోంది. ఒకటే అడిగింది.

"నీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు, మీ అమ్మే వచ్చి చెప్పింది."

ఆమె తల తిప్పి తల్లిని చూసింది. ఏమీ అనలేదు. అనుంటే బాగుండునని మౌలాబీ ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో. తిట్టి ఉంటే, శాపం పెట్టి ఉంటే, కూతుర్ని పట్టుకుని ఏడ్చి ఉండేది.

మర్నాడు పొద్దున మౌలాబీ వాకిలి చిమ్ముతుంటే సైదాబీ వచ్చింది. చంకలో చిన్న మూట. పైన దబ్బనం, దారపు ఉండ కనిపిస్తున్నాయి.

"వచ్చేశానమ్మా. ఆయనతో చెప్పే వచ్చా. లోపలికి రానా?"

మౌలాబీ చీపురు అట్లాగే పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. కావాలని అడ్డం పడలేదు. భయానికి కాళ్లు అక్కడ ఆగాయి. "ఇప్పుడు నిన్ను లోపల పెట్టుకుంటే విడిపోయారని నేనే చాటినట్టు అవుద్దే. వాడు అన్న కొడుకు, రేపు నా మొహం చూడడు. ఇప్పటికి ఇంటికి పో తల్లీ. కోపాలు చల్లారాక నేనే వచ్చి మాట్లాడతా" అంది.

సైదాబీ తల ఊపింది, చిన్నప్పటి నుంచీ ఊపుతున్నట్టే. సందు మలుపు తిరిగింది. ఇంటికే పోయిందనుకుని మౌలాబీ ఊపిరి పీల్చుకుని, మిగిలిన వాకిలి చిమ్ముకుంది. ఆ వాకిలి చిమ్ముకోవడం ఇప్పటికీ గుర్తొస్తుంది ఆమెకు. చుట్టూ చిమ్మి, కళ్లాపి చల్లి, అంతా శుభ్రంగా పెట్టుకుంది. కూతురు ఆ వేళకు బస్టాండులో, ఏ బస్సెక్కాలో ఎవర్ని అడగాలో తెలియక నిలబడి ఉంటుంది.

సైదాబీ రెంటచింతలలో ఉందని వానలు మొదలయ్యాక తెలిసింది. అక్కడ చర్చి వాళ్ల బడికి హాస్టలు ఉంది. ఆ పిల్లల పరుపులు బాగుచేస్తూ, హాస్టల్లో వంట చేసే మాణిక్యమ్మ పంచన ఉంటోందట. మౌలాబీ ఆ రోజే పరిగెత్తింది. కూతురు చెంబుతో నీళ్లిచ్చింది. అన్నం పెట్టింది. పక్కన కూర్చుని పని చేసుకుంది. నోరు మాత్రం విప్పలేదు. ఊళ్లోవాళ్లు వస్తే వాళ్లతో బేరం చేసింది, నవ్వింది. తల్లి వైపు తిరిగేసరికి ఆ నోరు మూతపడింది.

మౌలాబీ పోతూనే ఉంది. పోయినప్పుడల్లా చెప్పేది. వయసులో ఉన్నదానివి, ఒంటిగా ఉండగూడదని చెప్పేది. దూది పీలిస్తే నీకూ ఆయాసం వస్తుందని చెప్పేది. మీరా చిక్కిపోయాడని, ఆ జిలేబీ కొట్టు వైపే పోవడం లేదని చెప్పేది. గురజాల పరుపులకు ఎర్ర పేలికలు పెట్టడం అతనికి చేతకాలేదని కూడా చెప్పింది. సైదాబీ దబ్బనం దించుతూ, తీస్తూ వినేది. ఆఖరి బస్సు వేళకు తల్లి కొంగు నోట్లో కుక్కుకుని లేచేది.

ఆ ఏడు గడిచి మళ్లీ ఎండాకాలం వచ్చింది. రెంటచింతల ఎండకు ఊళ్లో కుక్క కూడా బయటికి రాలేదు. మౌలాబీ పోయేసరికి మాణిక్యమ్మ పంచ పక్కన సైదాబీకి సొంత రేకుల గది లేచి ఉంది. లోపల కొత్త విల్లు. ఎవరూ దాన్ని జరపకుండా చుట్టూ ఊడ్చినట్టు లేదు. పక్కకు జరిపి నేలంతా ఊడ్చుకుంది. సైదాబీ కొత్త పరుపు గుడ్డ పరుచుకుని దూది నింపుతోంది. మాణిక్యమ్మ చుట్ట కాల్చుకుంటూ మౌలాబీని గుమ్మంలో కూర్చోబెట్టింది.

"మొన్న నీ అల్లుడొచ్చాడక్కా. ఇదే చోట కూకున్నాడు. గట్టిగా ఏమీ అన్లేదులే, పాపం. సర్దుకో, పోదాం పా అన్నాడు. ఈ పిల్లేమో, అడిగి చెప్తా అంది. ఎవర్ని అడుగుతావే అన్నాడు ఆయన. నన్నే నేను అడిగి చెప్తా అంది." మాణిక్యమ్మ నవ్వీ నవ్వీ దగ్గింది. "ఇంతవరకూ కబురు పంపలా. ఇంకా అడుగుతానే ఉందేమో."

మౌలాబీకి నవ్వు రాలేదు. ఆ మాట లోపలికి దిగి అక్కడే కూర్చుంది. మీరా ఎన్నడూ దాన్ని ఏదీ అడిగి ఎరగడు, నిజమే. మరి తను? పెళ్లి ఖాయం చేసినప్పుడు అడిగిందా? అచ్చంపేట బస్సెక్కే ముందు అడిగిందా? కని పెంచిన ఇన్నేళ్లలో, ఇక్కడికి వచ్చిన ఇన్నిసార్లలో, చెప్పడమే కానీ ఒక్కటన్నా అడిగిందా అని వెతుక్కుంది. అన్నం తిన్నావా అని అడిగింది. అంతకు మించి ఏమీ దొరకలేదు. కూతురు మాత్రం ఆ రోజు గుమ్మంలో నిలబడి, లోపలికి రానా అని అడిగింది.

ఈసారి చెప్పాలని దారంతా కూడబెట్టుకొచ్చిన మాటలు చాలానే ఉన్నాయి. ఒక్కటీ పైకి రాలేదు. మాణిక్యమ్మ వంటకు లేచి వెళ్లిపోయింది. పొద్దు వాలింది. మాచర్ల ఆఖరి బస్సు ఊరి మొగలో హారన్ కొట్టింది. మౌలాబీ లేవలేదు. గుమ్మానికి ఇవతలే కూర్చుని, "ఈ పూట ఇక్కడ ఉండనా?" అంది.

సైదాబీ చెయ్యి ఆగింది. తలెత్తలేదు.

బస్సు వచ్చి ఆగిన చప్పుడైంది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. కండక్టరు బస్సు రేకు మీద రెండు దెబ్బలు వేశాడు. బస్సు కదిలి, మలుపు దాటి, దాని మోత కూడా పోయింది. ఇంక పోదామన్నా పోయే దారి లేదు. ఇదివరకైతే ఈపాటికి మౌలాబీకి కాళ్లూ చేతులూ ఆడేవి కావు. ఇప్పుడు ఊరికే కూర్చుంది. సైదాబీ దూది సర్దింది. గుడ్డ అంచు మడిచింది. దబ్బనానికి దారం ఎక్కించబోయి, చూపు ఆనక, వెలుగు కోసం గుమ్మం వైపు తిరిగింది. తల్లి మొహం ఎదురుగా ఉంది. ఎక్కించిన దారాన్ని చాలాసేపు వేళ్ల మధ్య లాగుతూ ఉండిపోయింది.

"ఉండు" అంది చివరికి. "లోపలికొచ్చి ఆ కొస పట్టుకో. గట్టిగా పట్టుకోమ్మా, జారిపోతంది."